పెయింట్ మాఫీ

ఆ కారును ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా చేతులతో చేసిన కారే. అయినా మండుతుంది. ఏళ్ళ తరబడి గుండెల మీద బండ పెట్టుకుని తిరుగుతున్నాను, ఇవాళ దించేస్తాను. నువ్వెవరో నాకు తెలియదు, అదే నయం. తెలిసినవాళ్ళయితే ఓదార్చడానికి వస్తారు. నాకు ఓదార్పు వద్దు, నీతులు అసలే వద్దు. చదివి ఊరుకో, చాలు.

నాది బెజవాడ. ఆటోనగర్‌లో డెంటింగు, పెయింటింగు నేర్చుకుని ఖతార్ వచ్చాను. అల్ రయ్యాన్‌లో ఒక గ్యారేజీలో పని. యజమాని ఖతారీ కుర్రాడు, పాత బళ్ళంటే పిచ్చి. వాళ్ళ నాన్న పోయిన కొన్నాళ్ళకి, ఆయన జీవితమంతా నడిపిన పికప్పును మదీనత్ అల్ షమాల్ అవతల ఎడారిలో ఉన్న వాళ్ళ పశువుల దొడ్డి నుంచి లారీ మీద వేయించుకొచ్చాడు. ఒళ్ళంతా తుప్పు, వెనక తొట్టిలో ఎండిపోయిన గడ్డి. దాన్ని హాట్ రాడ్ చెయ్యాలన్నాడు. అంటే పైకప్పు కోసి కిందికి దించాలి. మడ్‌గార్డులు పీకెయ్యాలి. బానెట్ లేకుండా పెద్ద ఇంజను బయటికి కనిపించేలా కూర్చోబెట్టాలి. వెనక వెడల్పాటి టైర్లు. రోడ్డు మీద పోతుంటే జనం తలలు తిప్పి చూడాలి. అలాంటి పని ఒక్కటైనా చెయ్యాలని నాకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. లారీ నుంచి దిగిన రోజే ఆ బండిని నాది అనుకున్నాను.

అదే సమయంలో గ్యారేజీలో ఒక మనిషికి విసా ఖాళీగా ఉంది. నా బావమరిదిని పిలిపించమని యజమానిని బతిమాలుతున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే చాలు, నా భార్యది అదే పాట. యజమానేమో చూద్దాం చూద్దాం అంటున్నాడు. ఇంతలో ఎక్కడి నుంచో లింగం ఊడిపడ్డాడు.

లింగానిది జగిత్యాల పక్కన పల్లె. అక్కడ డెంటర్ పని చేసేవాడు. కార్ల పని అని నమ్మించి ఏజెంటు అతని చేతిలో గొర్రెల కాపరి విసా పెట్టాడు. ఆ గొర్రెలు మా యజమానివే, అదే దొడ్డిలో ఒంటెల పక్కన. కానీ వచ్చిన రోజే లింగానికి డెంటింగు వచ్చని తెలిసి, యజమాని అతన్ని తిన్నగా గ్యారేజీకి తెచ్చాడు. ఈ బండి బాగా చేస్తే గ్యారేజీ విసాలోకి మారుస్తాను, లేకపోతే గొర్రెల దగ్గరికే అన్నాడు. నేను నెలల తరబడి కాళ్ళావేళ్ళా పడినా రాని మాట, వీడికి ఒక్క పూటలో వచ్చేసింది!

మంట అక్కడ మొదలైంది. ఆ తర్వాత అతనేం చేసినా నాకు మంటే. నవ్వితే మంట. నా గ్లాసులో టీ తాగితే మంట. గొర్రెల దగ్గర ఒక్కడే ఉండాల్సి వస్తే తనకు పిచ్చి లేస్తుందని, ఎడారిలో మాట్లాడే మనిషి లేకుండా ఎలా బతుకుతారని పదేపదే అంటుంటే, నా ముందు ఏడుపెందుకురా అనిపించేది. పైకి మాత్రం ఊకొట్టేవాణ్ణి. పని బాగా చేసేవాడు. అతని మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. తప్పు చేస్తే పట్టుకుందామని కాచుకుని కూర్చున్నాను, చెయ్యడే!

ఒకరోజు మధ్యాహ్నం యజమాని వచ్చి పికప్పు డ్రైవరు వైపు డోరు దగ్గర నిలబడ్డాడు. ఆ డోరు మీద వాళ్ళ ఒంటెల ముద్ర ఉంది. ఇక్కడ ప్రతి కుటుంబానికీ ఒకటి ఉంటుంది, ఒంటె తొడ మీద కాల్చి వేస్తారు. వీళ్ళది ఒక నిలువు గీత, దాని కింద సున్నా. వాళ్ళ నాన్న బ్రష్షుతో తన చేత్తో వేసుకున్నాడు. రంగు కారితే బొటనవేలితో తుడిచాడు కాబోలు, ఆ వేలిముద్ర అలాగే ఎండిపోయింది. యజమాని దాన్ని చూపించి, "హాదా డోర్, పెయింట్ మాఫీ" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మాఫీ అంటే ఇక్కడ లేదు, వద్దు. విమానం దిగిన ప్రతివాడూ ముందు నేర్చుకునేది ఆ మాటే. ఆ డోరుకు పెయింట్ వెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అని యజమాని అన్నాడు. నాకు అర్థమైంది. లింగం వచ్చి అప్పటికి వారమైనా కాలేదు. అతని చెవిన పడింది మన తెలుగు మాఫీ.

"అన్నా, పెయింట్ మాఫీ అంటున్నడు సేటు. మా దిక్కు బాకీ మాఫీ అంటే ఉన్న బాకీ కొట్టేసుడే గద. గట్లనే గీ డోరుకున్న పెయింట్ మొత్తం గీకి తీసేయాల్నా?"

ముందు నిజంగానే నవ్వొచ్చింది. చెప్పబోయాను కూడా. ఓరి పిచ్చోడా, అది కాదు అని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఎందుకు ఆగింది? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నది ఇదే. బావమరిది కోసమా? భార్య సాధింపుకా? అబ్బే, అవి తర్వాత నేను చెప్పుకున్న సాకులు. ఆ క్షణంలో ఎవరూ గుర్తు రాలేదు, లింగం మొహం తప్ప. ఆ మొహం మీద నా మీదున్న నమ్మకం చూసి ఒళ్ళు మండింది, అంతే.

"తెలుగోడివేగా? మాఫీ అంటే ఏంటో నేను చెప్పాలా నీకు?"

"గంతే గదన్నా! జర పక్కా చేసుకుందామని అడిగిన."

"యల్లా, పని చూసుకో."

టైర్లు తెస్తానని చెప్పి బయటికొచ్చాను. ఆ రోజే తేవాల్సిన పనేం లేదు. కళ్ళ ముందు జరిగితే ఆపాల్సి వస్తుందని వచ్చాను. ఫోన్ జేబులోనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చెయ్యి జేబు మీదికి పోయింది. చెయ్యలేదు. ముషైరిబ్ దాకా పోయి, ఏ పనీ లేకుండా ఒక హోటల్లో కూర్చుని, చల్లారిపోయిన పరోటా తిన్నాను. రుచి తెలియలేదు అని రాస్తే బాగుంటుంది కానీ అబద్ధం. బాగానే తిన్నాను.

తిరిగొచ్చేసరికి డోరు తళతళలాడుతోంది. గీత లేదు, సున్నా లేదు, వేలిముద్ర లేదు. ఒట్టి ఇనుము. ఎంత శ్రద్ధగా గీకాడో! పక్కన నిలబడి, మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తున్నాడు.

యజమాని వచ్చాడు. అరచెయ్యి డోరుకు ఆనించి, వేలిముద్ర ఉన్న చోటును తడుముతూ ఉండిపోయాడు. లింగం కంగారుపడి నా వైపు చూపిస్తూ ఏదో చెప్పబోయాడు. యజమాని నా వైపు తిరిగి అరబ్బీలో అడిగాడు, ఇతను నిన్ను అడిగాడా అని.

"మాఫీ" అన్నాను. లేదు, అడగలేదు.

ఒక్క మాట. కానీ లింగం ఏం విన్నాడో తెలుసా? తన తరఫున నేను సేటును మాఫీ చెయ్యమని వేడుకుంటున్నానని విన్నాడు. నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. కళ్ళలో నీళ్ళు. అప్పుడైనా నోరు తెరవచ్చుగా? తెరవలేదు. ఆ దండం తీసుకుని నిలబడ్డాను, దేవుడి పటంలాగా. థూ!

సాయంత్రానికి అతన్ని షమాల్ పంపించేశారు, గొర్రెల దగ్గరికి. గ్యారేజీ విసా మీద నా బావమరిది వచ్చాడు. ఫోన్ పక్కన పెట్టి స్పానరు పట్టుకోవడం వాడికి ఈరోజుకీ చేతకాదు. కారు పూర్తయింది. యజమాని ఆ డోరు మీద మళ్ళీ ఏమీ వెయ్యనివ్వలేదు, రంగు లేని క్లియర్ కోటు మాత్రం కొట్టమన్నాడు. నల్లటి బండికి ఒక్క డోరు ఒట్టి ఇనుముతో మెరుస్తుంటే పాత బళ్ళ ప్రదర్శనలో జనం ఎగబడి ఫొటోలు తీసుకున్నారు. ఏం ఐడియా గురూ అని ఒక హైదరాబాదీ ఇంజినీరు నా భుజం తట్టాడు. ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది.

మొదట్లో లింగం శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. ఆ రోజు నా కోసం మాఫీ అడిగినవన్నా, ఎన్నటికీ మరువ అనేవాడు. నేను ఊఁ అనేవాణ్ణి. ఆ తర్వాత ఒక శుక్రవారం ఫోన్ రాలేదు. మరుసటి వారమూ రాలేదు. నేనే చేశాను. ఎత్తాడు. వెనక గొర్రెల అరుపులు. నా గొంతు వినగానే పెట్టేశాడు.

ఆ ఎడారిలో అతనికి రోజూ వినిపించేది ఏం మాట? నీళ్ళు మాఫీ. నెట్ మాఫీ. సెలవు మాఫీ. ఏదో ఒక పూట, కుండలు కడుగుతూనో, మేత వేస్తూనో, ఆ మాటకు అర్థం తెలిసుంటుంది. తెలిశాక ముందు నేను "చెప్పాలా నీకు" అన్నది గుర్తొచ్చిందా, తను నాకు దండం పెట్టింది గుర్తొచ్చిందా? ఫోన్లో బండబూతులు తిట్టుంటే సుఖపడేవాణ్ణి. తిట్టలేదు. అందుకూ అతని మీద కోపమే. నా బుద్ధి ఇలాంటిది.

తర్వాత ఇంటికి పోయాడని ఎవరో అన్నారు, దొడ్డిలోనే ఉన్నాడని ఇంకెవరో అన్నారు. వాకబు చెయ్యలేదు. ఏ మొహం పెట్టుకుని చెయ్యను? నా బావమరిదికి, నా భార్యకు, యజమానికి, ఎవరికీ ఇది తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు. లింగం నన్ను అడిగాడు. నాకు అర్థం తెలుసు. తెలిసే చెప్పలేదు, అడగలేదని కూడా చెప్పాను.

"వద్దు లింగం, ఆ డోరు ముట్టుకోకు." ఇంతే అనాల్సింది. ఇన్నేళ్ళకి రాశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. నాకే. అతనికి ఒరిగిందేమీ లేదు.