చివరి మడికి నీళ్లు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నాకు పోయేదేమీ లేదు. దెయ్యాల కథలు చెప్పి పొద్దుపుచ్చే అలవాటు నాకు లేదు. ఏదున్నా మొహం మీదే అంటాను, అందుకే నాకు చుట్టాలు తక్కువ. కానీ ఈ సంగతి నా చెవులతో విన్నాను. ఆ బురద నా కాళ్లకు అంటింది. అంతకంటే ఒట్టు ఏం పెట్టను?

నేనుండేది బోయిన్‌పల్లిలో, కూరగాయల మార్కెట్‌కు కొంచెం అవతల. చుట్టుపక్కల వాళ్లు దాన్ని బీదల బంగ్లా అంటారు. ఎనకటి కాలంలో రాంగోపాల్‌పేట్ వ్యాపారి ఒకాయన దిక్కులేని వాళ్ల కోసం కట్టించాడట. ఊరికే కూర్చోబెట్టి తిండి పెడితే మనిషి పాడవుతాడని ఆయన నమ్మకం. అందుకని బంగ్లా వెనక పొలం కూడా ఇచ్చాడు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు తలా ఒక మడి చూసుకోవాలి. పాలకూర, తోటకూర, బెండ... పండింది మా వంటకే. మిగిలితే మార్కెట్‌కు. ఆయన పోయాడు, ఆయన కొడుకులూ పోయారు. సగం పొలంలో ఆడపిల్లల హాస్టల్ లేచింది. మాకు గోడ వెంబడి ఒక్క వరుస మడులు మిగిలాయి.

అక్కడొక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లకు చివరి మడి. నీళ్లు అక్కడికి అందరికంటే ఆఖరున చేరతాయి. ముందువాళ్లలో ఎవరైనా పోతే వెనకవాళ్లంతా ఒక్కో మడి ముందుకు జరుగుతారు. అంటే ఎవరో ఒకరు చస్తే తప్ప నీళ్లు దగ్గర కావు. ఇంకో సంగతి... చివరి మడి మనిషి "పారిందీ..." అని కేక వేసేదాకా మోటర్ ఆపకూడదు. జ్వరమొచ్చినా, వాన పడినా, అదే కట్టుబాటు.

నేను కూడా చివరి మడిలోనే మొదలుపెట్టాను. మార్కెట్‌లో కింద పడ్డ ఉల్లిగడ్డలు ఏరుకుని బతికేదాన్ని. ఒక వాన రాత్రి తలదాచుకునే చోటు లేక ఈ గోడ దూకాను. తలుపు తీసింది అప్పటికే బంగ్లాలో ఉంటున్న ఎల్లవ్వ. చేతిలో చీపురు.

"ఎవలే? మనిషివా, దయ్యానివా?"

"ఆకలైతంది" అన్నాను.

"గట్లయితే మనిషివే. లోపటికి రా, తడుస్తవ్."

ఆ ఎల్లవ్వే తర్వాత గట్టు మీద బురదలో పుల్లతో గీసి నాకు అక్షరాలు నేర్పింది. బడిలో ఆయాగా చేసిన మనిషి. మొన్నటి చలికాలంలో పోయింది. అప్పటికే కొందరు చచ్చిపోయారు, మిగిలినవాళ్లను మల్కాజ్‌గిరిలో కొత్త ఆశ్రమానికి పంపేశారు. చివరికి మొదటి మడి నాది. నా వెనక అన్నీ గడ్డి పట్టిన మడులు. కేక వేయడానికి ఎవరూ లేరు.

మేనేజర్ భాస్కర్ సార్ నన్ను కూడా పంపాలనే చూశాడు.

"అవ్వా, ఒక్కదానివి గీడ ఏం జేస్తవ్? ఆడ మంచం ఉంది, టీవీ సుత ఉంది."

"టీవీ నువ్వు సూస్కో. నాకు నా తోటకూర చాలు."

"సరే, ఉండు. గానీ నీళ్లు ఒక్క మడికే. మోటర్ కాలినా, నీళ్లు దండుగైనా తెల్లారి బండి పంపిస్త. మళ్ల నన్ను పరేషాన్ చెయ్యొద్దు."

ఒప్పుకున్నాను. నాకు మిగిలిన ఇల్లు అదొక్కటే.

ఇక ఆ రాత్రి. ఎండాకాలం. పగలంతా బోరు నీళ్లు హాస్టల్ ట్యాంకులకే పోతాయి, నాకు రాత్రే వదులుతారు. సెలవులని హాస్టల్‌కు తాళం. ఒక్క కిటికీలోనూ వెలుగు లేదు. వాచ్‌మన్ యాదగిరి అటువైపు గేటు దగ్గర. నా మడి పారింది. మోటర్ ఆపాను. దాని రొద ఆగితే ఎట్లా ఉంటుందో తెలుసా... చెవిలో దూది పెట్టినట్టుంటుంది. కాలువలో ఒక కప్ప మాత్రం అరుస్తోంది.

కప్ప ఆగిపోయింది.

"అవ్వా..."

నేను కదల్లేదు.

"నాకింకా పారలే."

ఆడగొంతు. ఎండిపోయిన గొంతు. చివరి మడి దిక్కు నుంచి... గడ్డి నిలువెత్తు పెరిగిన చోట నుంచి. చిన్నదో పెద్దదో తెలియలేదు. కోపంగా లేదు. బెదిరించినట్టూ లేదు. తన వంతు కోసం చాలాసేపటి నుంచి నిలబడ్డ మనిషి అడిగినట్టుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తలుపు దిక్కు తిరిగాను. బండి గుర్తొచ్చింది. భాస్కర్ సార్ మొహం గుర్తొచ్చింది. లోపలికి పోయి పడుకుంటే నా తోటకూర నాకుంటుంది, నా గది నాకుంటుంది.

"నాకింకా పారలే, అవ్వా..."

చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయింది.

నా మడి నోరు మట్టితో మూసి కాలువ వదిలాను. నీళ్లు చీకట్లోకి పోయాయి. ఎండిన కాలువ గుటగుట తాగుతోంది. నేను మోటర్ దగ్గరే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. మోటర్ వేడెక్కి వాసన వస్తోంది. అయినా ఆపలేదు. అప్పుడు వినిపించింది... తప్... తప్... అరచేత్తో మట్టి కొట్టి మడి నోరు మూసే చప్పుడు. మాలో ఒకరు చేసినట్టే.

ఆ తర్వాత పొడుగ్గా...

"పారిందీ..."

మోటర్ ఆపి, లోపలికి ఉరికి, గొళ్ళెం పెట్టాను. గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి తలుపు మీద చిన్న చప్పుడు. తట్టినట్టు కాదు. తడి చెయ్యి ఆనించినట్టు. ఒక్కసారే. నేను తియ్యలేదు.

తెల్లారి భాస్కర్ సార్ వచ్చాడు. చివరి మడి నిండా నీళ్లు. మడి నోరు మట్టితో మూసి ఉంది, మట్టిలో వేళ్ల గుర్తులు.

"ఎవలు పారించిన్రు?"

"నేనే."

"గడ్డికా?"

"గడ్డికే."

"ముందే చెప్పిన గదవ్వా." ఆయన నా మొహం చూడలేదు. "రేపు బండొస్తది. సామాను సదురుకో."

యాదగిరిని అడిగాను. తనకేమీ వినబడలేదన్నాడు. తలుపు బయట బురద మరక ఉంది. ఉరికి వచ్చి మూసినప్పుడు నా చేతిదే అంటిందేమో.

దెయ్యమైతే పీడా పోయింది. ఎల్లవ్వే అయితే నన్ను అవ్వా అని పిలవదు. మరి మనిషైతే? నాలాగే గోడ దూకి వచ్చిన మనిషైతే? ఆ వాన రాత్రి తలుపు తీసి ఎల్లవ్వ నన్ను అడిగిన మాట నేను అడగనైనా లేదు.

రేపు బండి. ఈ రాత్రి ఇది రాస్తూ కూర్చున్నాను. గిన్నెలో కొంత అన్నం మిగిల్చి మూత పెట్టాను. తలుపుకు గొళ్ళెం పెట్టలేదు. అడగాల్సిన మాట నోట్లో పట్టుకుని ఉన్నాను. కాలువలో కప్ప అరుస్తోంది... అరుస్తోంది...

ఇప్పుడే ఆగింది.