తాళం వేసిన గేటు

తోటి వాలంటీర్లు ఆమెను ‘ఆధారం అక్క’ అంటారు. పగలు మందుల షాపులో చీటీలను వెలుతురుకు పట్టి అనుమానంగా చూసినట్టే, సాయంత్రం ఎవరైనా రాయగల, దిద్దగల ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఊరి చరిత్ర వ్యాసాలను తెరకు ముక్కు ఆనించి చూస్తుంది. ఎవరు కొత్త సంగతి చేర్చినా, “ఎవరు చెప్పారు బాబూ? మీ తాతగారు కల్లోకొచ్చారా?” అని అడిగేస్తుంది.

పాత బట్టల మిల్లు తగలబడినప్పుడు గేటుకు తాళం వేసి ఉండడం వల్లే కూలీలు చనిపోయారని, విచారణ నివేదిక చూపించి ఆమే రాసింది. పేరు చెప్పని ఎవరో ఆ వాక్యాన్ని పదేపదే చెరిపేస్తున్నారు. అలాంటివాళ్ల మార్పు పక్కన పేరుకు బదులు వాళ్ల ఇంటి ఇంటర్నెట్ నంబరు పడుతుంది. “యజమాని మనవళ్ల పనే. డబ్బుంటే చావులు కూడా చెరిపేయొచ్చనుకుంటారు,” అని పళ్లు కొరికింది. ఒకరోజు లాగిన్ కావడం మరిచి ఏదో దిద్దితే, ఆమె మార్పు పక్కనా అదే నంబరు పడింది. ఇంట్లో ఉండేది తనూ, మామగారూ. ఆయన ఒకప్పుడు ఆ మిల్లు వాచ్‌మన్.

“మామయ్యా, మీరేనా?”

ఆయన ట్యాబ్ బోర్లించాడు. “ఆ తాళం వేసింది నేనేనమ్మా. వేయమన్నది అయ్యగారు. ఆ మాట నివేదికలో ఉందా?”

లేదు. ఆయన ముఖంలో అబద్ధం కోసం వెతికింది. దొరక్కపోయినా అనుమానం పోలేదు.

“వాక్యం మాత్రం తియ్యను. అయ్యగారి సంగతి మీరే నలుగురికీ చెప్పాలి. పత్రికవాళ్లని పిలవనా?”

ఆయన వీధివైపు చూశాడు. “ముందు ఆ తలుపు గడియ వేసిరా అమ్మా.”