మా ఇంటామె సంఘాన్ని ముంచబోయిన నా ఉపన్యాసం

కొత్త బండి కొంటనంటివి, ఇంకా చేవెళ్ల కాలేజీకి బస్సులనే వస్తున్నవేంది అని అడుగుతున్నరు గదా? చెప్త. ముందు చాయ్ చెప్పుండ్రి. మొన్న నేను నోరు తెరిచి ఒక బ్యాంకునే ముంచబోయిన!

బ్యాంకంటే పెద్దదేం కాదు. మొయినాబాద్ పక్కన మా ఊర్ల ఆడోళ్ల పొదుపు సంఘం. లీడర్ మా ఇంటామె సుజాత. నెలనెలా మీటింగు మా వాకిట్లనే అయితది. "కాలేజీల ఎకనామిక్స్ చెప్తరు గదా, మావోళ్లకు గూడ జర నాలుగు మంచి ముచ్చట్లు చెప్పుండ్రి" అన్నది. మైకు కనిపిస్తె మనం ఆగం. ఆడ మైకు లేదు, అయినా ఆగలే!

షురూ చేసిన. పెద్దోళ్లకేమో అప్పులు మాఫీ, మనం కొనే సబ్బు మీద టాక్సు. లాభమొస్తె వాళ్లది, మునిగితె మనది. అందరు తలలు ఊపుతున్నరు. ఇగ నాకు జోషొచ్చింది. "బ్యాంకుల మన పైసలు పెట్టెల ఉండవమ్మా, అప్పులకు పోతయి. మునిగేముందు గూడ అంతా మంచిగనే ఉన్నదంటరు. భయం పుట్టి అందరు ఒక్కసారే ఉరికిన్రనుకో, ముందు పోయినోళ్లకు దొరుకుతయి, ఎనకోళ్లకు ఉత్త చేతులే!"

పక్కింటి యాదమ్మవ్వ లేచింది.

"సుజాతా, మన సంఘం పైసలు పెట్టెల ఉన్నయా, అప్పులకు పోయినయా?"

"అప్పులకే పోయినయవ్వా. మనోళ్లే గదా, బర్లకు, కుట్టుమిషన్లకు తీస్కున్నది."

"అయితె ముందు నాయి ఇయ్యి!"

అంతే! కుర్చీలన్ని జరిగినయి, లైను కట్టిన్రు. సుజాత మొఖం తెల్లబోయింది. ఇల్లిల్లు తిరిగి, ఒక్కొక్కరిని బతిమాలి నిలబెట్టిన సంఘమాయె అది.

"అవ్వా, ఫికర్ చెయ్యకు, మన సంఘం మంచిగనే ఉన్నది" అన్న.

"మునిగేటోళ్లు గట్లనే అంటరని ఇప్పుడే చెప్తివి గద బిడ్డా!"

నా పాఠం ఇంత మంచిగ ఎక్కిన స్టూడెంటు మా కాలేజీల గూడ లేడు.

సుజాత నా దిక్కు ఒక్క చూపు చూసింది. లోపలికి పోయి, కొత్త బండికని నేను బీరువాల దాచిన పైసల కట్ట తెచ్చి టేబుల్ మీద పెట్టింది. "ఎవరికి కావాలెనో రాండ్రి."

అవ్వ తన పైసలు చేతులకు తీస్కున్నది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇంటికి కొంటవోతె మా ముసలాయన కల్లుకే పోతయి. ఉన్నయి గదా, సాలు. నీ తాననే ఉండనియ్యి" అని మళ్ల ఇచ్చేసింది. ఎనక లైనంతా నవ్వుకుంట పోయి కూసున్నది. సుజాత కండ్లు తుడుసుకున్నది. నాకు పానం లేసొచ్చింది.

అందరు పోయినంక మెల్లగ అడిగిన, "మరి నా పైసలు?"

"సంఘంల జమ చేసిన. మళ్ల ఎవరన్న ఉపన్యాసమిస్తె పనికొస్తయి."

"మరి నా బండి?"

"లోను తీస్కోవచ్చు. కాని మగోళ్లకు సభ్యత్వం లేదు."

ఇన్నేండ్లు క్లాసుల మొత్తుకున్న, పైసలు జనం చేతుల ఉండాలె అని. ఇప్పుడు ఉన్నయి. నేను బస్సుల వస్తున్న. జర ఈ చాయ్ పైసలు గూడ మీరే ఇయ్యుండ్రి.