పొయ్యి వెనక ఇంకో వరస

మా అక్క పోయాక తొమ్మిది నెలలు నేను వంటింట్లోకి మంచినీళ్ళకి తప్ప వెళ్ళలేదు. ఇద్దరమే ఉండేవాళ్ళం. వంట ఆమెది, బయటి పనులు నావి. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఇరవై రెండేళ్ళు ఆమె వండినది తిన్నాను. ఆమె పోయాక రెండు పూటలా మెస్ నుంచి క్యారేజీ వచ్చేది.

వేసవిలో ఇల్లు అద్దెకిచ్చేసి, కాలేజీ దగ్గర ఒక గది తీసుకుందామనుకున్నాను. వంట చెయ్యని మనిషికి అంత ఇల్లెందుకని నాకు నేనే చెప్పుకున్నాను. బ్రోకరు వచ్చి ఇల్లంతా చూశాడు. వంటింటి దగ్గర ఆగి, పొయ్యి వెనక గోడ చూపించాడు. చెమ్మకి ఉబ్బి, నూనె పట్టి, సున్నం పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది.

"ఇది చూస్తే ఎవరూ దిగరండి. టైల్స్ వేయించెయ్యండి. వారంలో అద్దెకి మనిషిని తీసుకొస్తాను," అన్నాడు.

మా వైపు కాలువలో నీళ్ళున్నన్నాళ్ళూ గోడలు ఆరవు. తడి గోడకి అంటించిన టైల్ నిలవదు. అందుకని కాలువలకి నీళ్ళు కట్టేసిన పది రోజులకి మేస్త్రీని పిలిచాను. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆవిడ సిమెంటు కలిపి అందిస్తుంది, ఆయన అంటిస్తాడు. పాత పూత చెక్కేసి, టైల్స్ టబ్బులో నానేసి, అప్పుడు ఆయన నన్ను అడిగాడు.

"వంటెవరు చేస్తారండి?"

"ఎందుకు?"

"పోపు గరిట పట్టుకుని నిలబడాలండి. చెయ్యి ఎక్కడిదాకా లేస్తే అక్కణ్ణుంచి జానెడు పైకి వేస్తాను. లేకపోతే నూనంతా పైన సున్నానికి చిందుతుందండి."

ఇది ఆయన పద్ధతి. వంట చేసేది ఎవరూ లేరని చెప్పాల్సింది. అద్దెకొచ్చేవాళ్ళెవరో నాకూ తెలియదని చెప్పినా సరిపోయేది. నేను గోడ దగ్గరికి వెళ్ళి, అక్క చెయ్యి ఎంత ఎత్తు లేచేదో అక్కడ వేలు పెట్టి చూపించాను. ఆలోచించలేదు. వేలు అక్కడికే వెళ్ళింది. అక్క నా భుజం దాకా వచ్చేది.

మేస్త్రీ భార్య నా వేలినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏవయ్యా, ఈవిడ ఇంత పొడుగుంటే అంత కిందకి చూపిస్తారేంటి?"

"ఇల్లుగలావిడ చెప్పారు కదే. నువ్వు సిమెంటు కలుపు," అన్నాడాయన.

రెండు రోజులు అంటించారు. ఒక్కో టైలునీ తాపీ పిడితో తట్టి వినేవాడు. డొల్లగా మోగితే ఊడదీసి మళ్ళీ వేసేవాడు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని, చదవని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. పని బాగా జరుగుతుంటే చూడడం మనసుకి కొంచెం నెమ్మదినిస్తుందని అప్పుడే తెలిసింది.

మూడో రోజు జాయింట్లు నింపడానికి వచ్చారు. సింకు వైపు పూర్తిచేసి అన్నానికి కూర్చున్నారు. ఆవిడ గిన్నె మూత తీసి మొహం తిప్పుకుంది.

"అన్నం బాగానే ఉంది గానీ, పప్పు పాసిపోయిందయ్యా. ఈ ఎండకి."

"నిన్ననే అన్నాను, రాత్రిది తేకే అని."

"అంటావు. పొద్దున్నే లేచి వండితే చెయ్యి పట్టుకుని ఆపానా?"

మెస్ క్యారేజీలో ముగ్గురికి చాలేదేమీ లేదు. "చారు పెడతాను," అన్నాను.

"నేను పెడతాలెండి, మీరు కూర్చోండి," అని ఆవిడ లేవబోయింది. వద్దన్నాను. ఎందుకంత గట్టిగా వద్దన్నానో నాకే తెలియదు.

అక్క డబ్బాల్లో మిగిలిన చింతపండు పిసికాను. ఉప్పు రెండుసార్లు రుచి చూశాను. చారు మరిగింది. పోపు గరిటలో నూనె, ఆవాలు, ఎండుమిర్చి వేసి కాచాను. అక్క గరిటని గిన్నె అంచుకి ఆనించి మెల్లగా ఒంపేది. నాకు భయం వేసి, చెయ్యి చాచి, దూరంగా నిలబడి, పైనుంచి వంచేశాను. చారు చుయ్యిమని లేచింది. ఆవాలూ నూనె చుక్కలూ టైల్స్ దాటి పైన తెల్ల గోడ మీద పడ్డాయి.

మేస్త్రీ భార్య పకపకా నవ్వింది. "ఏంటమ్మగారండీ, పోపు పెడుతున్నారా, నారుమడిలో విత్తనాలు చల్లుతున్నారా?"

నేనూ నవ్వాను. చాలా రోజుల తరువాత ఆ ఇంట్లో నా నవ్వు నాకు వినిపించింది. నవ్వుతూనే చెప్పాను, "నేను చూపించింది మా అక్క ఎత్తండి. ఆవిడ లేరు. ఇల్లు అద్దెకిచ్చేస్తున్నాను."

మేస్త్రీ భార్య నవ్వు ఆపి, ఇద్దరికీ అన్నం పెట్టింది. చారన్నం తిన్నారు. ఉప్పు కొంచెం తక్కువైందని ఆవిడే చెప్పింది, మొహమాటపడకుండా. తిన్నాక మేస్త్రీ ఆ మరకలు తుడవబోయాడు.

"ఇంకో వరస వెయ్యండి," అన్నాను.

"టైల్స్ మిగిలాయి కానీ, అద్దెకొచ్చేవాళ్ళకి ఇది చాలండి. వాళ్ళెంత పొడుగుంటారో ఏంటో."

"నాకు చాలదు."

ఆ మాట అన్నాకే నేనేం నిశ్చయించుకున్నానో నాకు తెలిసింది. మేస్త్రీ భార్య ఖాళీ పోపు గరిట కడిగి నా చేతికిచ్చి, పొయ్యి ముందు నిలబెట్టింది. "భయపడినట్టు కాదండి, మామూలుగా ఎత్తండి," అంది. ఎత్తాను. ఆయన జానెడు కొలిచి పెన్సిలుతో గీత గీశాడు. సున్నం మీద గాట్లు పెట్టి, సాయంత్రానికి ఆ వరస వేసేశాడు. కొత్త వరసకీ కింద వరసకీ మధ్య జాయింటు కాస్త లావుగా వచ్చింది. ఆయన సరిచేస్తానన్నాడు. నేను ఉంచెయ్యమన్నాను.

వాళ్ళు వెళ్ళాక బ్రోకరుకి ఫోన్ చేసి ఇల్లు ఇవ్వడం లేదని చెప్పాను. "టైల్స్ వేయించాక మనసు మారిందాండీ? అందరూ ఇంతేనండి," అని విసుక్కున్నాడు. అతని విసుగు న్యాయమే.

మర్నాడు పొద్దున్న వీధిలో కూరలమ్మే ఆవిడ కేక వినిపిస్తే గేటు దాకా వెళ్ళి, అరకిలో బెండకాయలు ఇమ్మన్నాను.

"పులుసుకా అండి, వేపుడుకా?"

అది నేను ఆలోచించలేదు. ఆవిడ నా మొహం చూసి, బుట్టలో చెయ్యి పెట్టి, ఒక్కో కాయ కొస విరిచి చూసి లేతవి ఏరడం మొదలెట్టింది.

"వేపుడు చేసుకోండి. మొదటిసారికి అదే తేలికండి."