రొయ్య కణంలో పసుపు వెలుగు

నేను పీహెచ్‌డీకి ఎంచుకున్నది రొయ్య రక్తం. బతికున్న రక్తకణాన్ని చంపకుండా, దానికి రంగులు పుయ్యకుండా లేజర్ వేస్తే, తిరిగొచ్చే కాంతిలో కొంచెం మార్పు ఉంటుంది. ఆ మార్పును బట్టి కణంలో ప్రొటీన్ ఎక్కడుందో, డీఎన్ఏ ఎక్కడుందో, అవి ఏం చేస్తున్నాయో బొమ్మ గీయొచ్చు. చెప్పడానికి ఇంత తేలిక. నాకు మాత్రం మూడు నెలలుగా స్క్రీన్ నిండా ఒకటే వెలుగు. అందులో ప్రొటీనూ లేదు, డీఎన్ఏ లేదు.

మొదట్లో అదేదో నేను కనిపెట్టిన వింత అనుకుని, పేపర్‌కు పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నాను. మా గైడ్ గారు బొమ్మ చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఈ నెలాఖరుకు శుభ్రమైన సిగ్నల్ రాకపోతే టాపిక్ మార్చుకోమ్మా" అన్నారు. రెండేళ్ల పని! లేజర్‌ను తిట్టాను, లెన్సును తిట్టాను, కరెంటునూ వదల్లేదు.

రొయ్యలు వాకాడు దగ్గర మా మేనత్త సాగుచేసే గుంటలోవి. తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడల్లా వాటి వయసు, బరువు, నీళ్లలో ఉప్పు ఎంతో రాసుకుని పరుగున బస్సెక్కేదాన్ని. ఆ వారం బస్సు తప్పిపోయి గట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు చూశాను, గుంటలోంచి నాకోసం ఏరిపెట్టిన రొయ్యలకు వేరే తొట్టి, వేరే మేత. అత్త ఆ మేతలో పసుపు కలుపుతోంది. చిటికెడు కాదు, గుప్పెడు.

"ఎందుకత్తా అది?"

"రోగం రాకూడదని కోడలా. మొదటినుంచీ వేస్తా ఉండా. గుంటలో వాటికి లేదు ఈ భోగం, నీ వాటికే."

లేజర్ కింద పసుపు ఎంతగా వెలుగుతుందో మా ల్యాబ్‌లో అందరికీ తెలుసు. మేతతో అది రక్తంలోకి చేరితే ఇక కణమంతా ఆ వెలుగే. నవ్వాలో ఏడవాలో తెలియక, ఉన్న సంగతి చెప్పేశాను. అత్త పసుపు డబ్బాకు మూత పెట్టేసింది.

"అయితే నీ చదువు నేనే చెడగొట్టినానా?"

లేదన్నాను గానీ, నా మొహం అవునన్నట్టే ఉండుంటుంది.

అత్త గుంటలోంచి మామూలు రొయ్యలు పట్టించి ఇచ్చింది. మర్నాడు మొదటి కణంలోనే డీఎన్ఏ నడుమ, ప్రొటీన్ దాని చుట్టూ స్పష్టంగా కనిపించాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. గైడ్ గారు పసుపు సంగతి విని, "మేత ఏమిటని ఇన్నాళ్లూ అడగలేదా?" అన్నారు. అడగలేదు. చాలా సిగ్గేసింది.

అత్తకు ఫోన్ చేసి బొమ్మ వచ్చిందనీ, తప్పు పూర్తిగా నాదేననీ చెప్పాను.

"నా చెయ్యి మంచిది కాదేమోనని, నిన్నటినుంచి గుంటకు మేత మీ మామనే వెయ్యమన్నా కోడలా" అంది.