పిల్లి అరవకముందే శభాష్

కోపం నా ముక్కు మీదే ఉండే రోజులవి. డిగ్రీ పూర్తిచేసి, మహారాష్ట్ర సరిహద్దులోని ఇస్లాపూర్ నుంచి నాందేడ్ వచ్చి, మేనత్త ఇంట్లో ఉంటూ మొదటి ఉద్యోగంలో చేరాను. చిన్నపిల్లల కోసం పాటల పాడ్‌కాస్ట్ చేయడం నా పని. అమ్మలు ఫోన్లో పెడతారు, పిల్లలు వింటారు, మేమడిగినదానికి జవాబు చెబుతూ, గెంతుతూ మాతో కలిసి పాడతారు. మరాఠీది వేరేవాళ్లు చేసేవారు, తెలుగుది నాది. (ఊళ్లో మా అమ్మ మాత్రం "మా పిల్ల రేడియోల పనిచేస్తది" అని చెప్పుకునేది. నేనూ దిద్దలేదు.) స్టూడియో యజమానిని చాటున అందరం జల్దీ సార్ అనేవాళ్లం. ఆయన చాయ్ కూడా నిలబడే తాగేవాడు.

మొదటిది పిల్లి పాట. "పిల్లి ఎట్ల అరుస్తది? చెప్పుండ్రి!" అని అడిగి, పిల్లలు అరిచేదాకా ఆగి, అప్పుడు "శభాష్!" అన్నాను. కప్పలా ఎగరమన్న చోటా అలాగే ఆగాను. ఎంతో మురిసిపోతూ రికార్డు చేశాను. మర్నాడు వింటే, ఆగిన చోట్లన్నీ మాయం! "చెప్పుండ్రి శభాష్ కప్ప లెక్క ఎగురుండ్రి శభాష్ పండుకోండ్రి" అని ఊపిరి తీయకుండా వాగుతోంది నా గొంతు.

"సార్, పిల్లలు జవాబు చెప్పే జాగ ఏది?"

"ఖాళీగ ఉండె, తీసేసిన. సప్పుడు లేకుంటె ఫోన్ ఖరాబైందనుకుంటరు."

"మరి వాళ్లు ఎప్పుడు చెప్పాలె?"

"మనసుల చెప్పుకుంటరు తీ."

(మనసులో మ్యావ్ అనుకునే పిల్లలను ఆయన ఏ లోకంలో చూశాడో నాకు నేటికీ తెలియదు.)

ఆ సాయంత్రం మేనత్త మనవరాలికి వినిపించాను. అది నోరు తెరిచేలోపే శభాష్ అంది ఫోను. మళ్లీ తెరిచింది, మళ్లీ శభాష్. చివరికి ఫోన్ బోర్లా పడేసి, "నేను చెప్పనే లేదు! ఊకెనే శభాష్ అంటున్నది. అబద్ధాలది!" అని ఏడుపందుకుంది. ఆ అబద్ధాలది నేనే. సార్ సంగతి చూస్తానన్నాను. "ఊకో బిడ్డా, సార్‌తోని కొట్లాడితె నౌకరీ పోతది" అంది మేనత్త. "పోతె పోనీ అత్తమ్మా! పసిపిల్లను మోసం చేసుడు ఏంది?" అని నేను అన్నం కూడా తినకుండా లేచాను.

ఆ వారమే జల్దీ సార్ మా ఇంటి దగ్గర తెలుగు పసిపిల్లలొచ్చే బాల్వాడీ బడిలో తల్లుల ముందు ఆ పాట పెట్టాడు. స్పీకరు ఎగరమంటుంది, పిల్లలు మోకాళ్లు వంచేలోపే పడుకోమంటుంది. సగం మంది ఎగురుతూ, పడుకున్న సగం మంది మీద పడ్డారు. "జల్దీ, జల్దీ ఎగురుండ్రి!" అని సార్ పిల్లల మీదే అరుస్తున్నాడు. ఇక నావల్ల కాలేదు. వెళ్లి స్పీకరు ఆపేశాను.

"ఏయ్, ఏం జేస్తున్నవ్?"

నేనాయన వంక చూడనైనా లేదు. పిల్లల ముందు కూర్చుని, "పిల్లి ఎట్ల అరుస్తది?" అని అడిగి ఊరుకున్నాను. ఎవరూ నోరు విప్పలేదు. తల్లులు మొహాలు చూసుకున్నారు. "చలా, పుఢే చలా!" అంటున్నాడు సార్, ముందుకు పొమ్మని. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, అయినా పంతం కొద్దీ పెదవి కదపలేదు. అప్పుడు తల్లి కొంగులో మొహం దాచుకున్న ఓ బుడ్డోడు, కొంగులోంచే "మ్యావ్" అన్నాడు. అంతే, గదంతా పిల్లులే. ఒకడు కుక్కలా కూడా మొరిగాడు. "ఆణఖీ ఏకదా, మ్యాడమ్!" మళ్లీ ఒకసారి అడగమంటూ నవ్వింది ఒకామె.

బయటికొచ్చాక సార్ ఆస్తి రాసిచ్చేవాడిలా మొహం పెట్టి, "సరే, పెట్టుకో నీ ఖాళీ. జర చిన్నగ పెట్టు" అన్నాడు.

"చిన్నగ గాదు సార్. పిల్లలు చెప్పేంత."

ఆ స్టూడియో ఇప్పుడు లేదు. మొన్న పాత ఫోన్లో ఆ పాట కనబడితే పెట్టాను. ఎంత అధికారం ఆ పిల్ల గొంతులో, అంటే అప్పటి నా గొంతులో! ప్రశ్న అడిగి ఆగింది. ఆ నిశ్శబ్దంలో చెవిపెట్టి వింటే, సన్నగా ఒక నిట్టూర్పు. జల్దీ సార్‌ది. రెండోసారి రికార్డు చేసినప్పుడు పక్కనే ఉన్నాడు మరి. పాపం, ఆ కాసేపు నోరు మూసుకోవడానికి ఎంత అవస్థపడ్డాడో అనిపించి నవ్వొచ్చింది. ఈ జాలి సంగతి ఆ రోజుల్లోని ఆ అమ్మాయికి తెలిస్తే నా మీదికే కొట్లాటకు వచ్చేది. వస్తే బాగుండునని కూడా అనిపించింది.