పోచవ్వ అడిగిన ప్రశ్న

పోచవ్వ మనసులో ఒక ప్రశ్న పడిందంటే కాలిలో ముల్లు దిగినట్టే. అది బయటికి వచ్చేదాకా కుదురుగా ఉండదు. కామారెడ్డిలో కాపురముంటున్న కూతురు భాగ్యశ్రీని చూసి వస్తూ, ఎల్లారెడ్డిలో షేర్ ఆటో ఎక్కితే, పక్కవాళ్ల పంట, పాడి ఆరా తీయకుండా దిగదు. "నిన్ను పోలీసుల్ల పెట్టుకోవాల్సింది" అంటాడు భర్త లింగం.

వాళ్ల పొలంలో బోరు పక్కన ఇంటి తిండికని ఒక చిన్న వరి మడి ఉంది. దానికి పశువుల పెంట, వేపకషాయం తప్ప ఇంకేమీ వేయరు. ఆ పంట ఇద్దరికే సరిపోతుంది. మిగతా పొలమంతా అమ్మకానికి. దానికి మాత్రం బస్తాల ఎరువు, పురుగుమందు.

ఈ వానాకాలం పోచవ్వను కొత్త ప్రశ్న పట్టుకుంది. కొంగలన్నీ తిండి మడిలోనే ఎందుకు వాలుతున్నాయి? లింగాన్ని అడిగితే "కొంగలనే అడుగు" అన్నాడు. అడిగినంత పనీ చేసింది మహాతల్లి. చీర ఎగ్గట్టి దిగి తిండి మడి, దాని పక్కనున్న అమ్మకం మడి, రెండింటి బురదా తోడి చూసింది. తిండి మడిలో ఎర్రలు మెలికలు తిరిగాయి, ఒక కప్పపిల్ల మోచేతి మీదికి దూకింది. పక్క మడిలో వట్టి బురదే.

ఆ రెండు మళ్ల నడిమి గట్టు గడ్డే ఆమె రోజూ బర్రెకు కోసేది. బర్రె సూడిది, నేడో రేపో ఈనేలా ఉంది. కిందటిసారి దూడ దక్కలేదు. ఈసారైనా దక్కాలని ఎల్లమ్మకు మొక్కుకుంది.

ఒక సాయంత్రం కొట్టంలో మోపు దించి గడ్డి అందించబోతుంటే లింగం పరుగెత్తుకొచ్చాడు. చెప్పు ఒకటి దారిలోనే జారిపోయింది.

"ఆగే! పెట్టకు!" అంటూ మోపు లాగి అవతల పారేశాడు.

"ఏమైందయ్యా?"

"పొద్దుగాల పక్క మడికి మందు కొట్టిన. గాలికి గట్టు మీద గూడ పడ్డది. నీకు చెప్పుడు మర్సిన."

పోచవ్వ గబగబా బర్రె నోరు తెరిచి చూసింది. పరక కూడా లోపలికి పోలేదు. దాని మెడ నిమురుతూ ఏడ్చింది, ఏడుస్తూనే లింగాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది.

తిట్లు అయిపోయాక కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ అడిగింది.

"బర్రెకు వద్దని ఉరికొచ్చినవు. మనకు వద్దని తిండి మడి వేరే పెట్టుకున్నం. మరి పక్క మడి వడ్లు తినేటోళ్ల కోసం ఎవలు ఉరికొస్తరు?"

"గాళ్లెవరో మనకేమెరుక?" అన్నాడు లింగం మెల్లగా.

"మన భాగ్యశ్రీ కామారెడ్డిల బియ్యం కొనుక్కొనే తింటది గదయ్యా."

లింగం ఒంటి చెప్పుతోనే వెళ్లి, తిండి మడి ఎండుగడ్డి తెచ్చి బర్రె ముందు వేశాడు.

"వచ్చే యాసంగి పంటకు ఆ పక్క మడికి గూడ నీ వేపకషాయమే కొడుదం. కొంగలు వస్తయో రావో సూద్దం."